పద్దెనిమిది నెలల యునైటెడ్ ఫ్రంట్: బయటి మద్దతు మీద నిలిచిన ప్రభుత్వం రెండుసార్లు ఎలా పడింది?

పొత్తుల ఒప్పంద పత్రాలు రాయడం, సభలో ఓట్ల లెక్క సరిచూడడం, భాగస్వామ్య పక్షాల మధ్య పేచీలు బయటపడకముందే సర్దుబాటు చేయడం చాలాకాలంగా నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారికి నేను మొట్టమొదట ఇచ్చే కేసు, 1996 జూన్ 1న ఢిల్లీలో ఏర్పడి 1997 నవంబరు 28న మద్దతు కోల్పోయిన యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం. పదమూడు పార్టీల కప్పల తక్కెడ కాబట్టే అది కూలిందని ఇప్పటికీ చాలామంది అంటారు. తేదీల వారీగా పరిశీలిస్తే ఆ మాట నిలవదు. తక్కెడలోని కప్పలు ఒకదానితో ఒకటి ఎంత పోట్లాడుకున్నా బయటకు దూకలేదు. తక్కెడను బయటినుంచి పట్టుకున్న చెయ్యి, అంటే కాంగ్రెస్, మాత్రం రెండుసార్లు వదిలేసింది. ఆ చేతికీ తక్కెడకూ మధ్య ఉన్న సంబంధాన్ని ఎవరూ ఏ కాగితం మీదా రాసుకోలేదన్నదే ఈ కేసులో నన్ను ఆకర్షించే విషయం.

అంకెలు

1996 ఏప్రిల్, మే నెలల్లో జరిగిన పదకొండో లోక్‌సభ ఎన్నికల్లో 543 స్థానాలకు గాను భారతీయ జనతా పార్టీకి 161, కాంగ్రెస్‌కు 140 వచ్చాయి. ఓట్ల శాతంలో కాంగ్రెసే ముందున్నా స్థానాల్లో వెనుకబడింది. ఈ రెండింటికీ చెందని పక్షాల్లో జనతాదళ్‌కు 46, సీపీఎంకు 32, తమిళ మానిల కాంగ్రెస్‌కు 20, డీఎంకేకు 17, సమాజ్‌వాదీ పార్టీకి 17, తెలుగుదేశానికి 16, సీపీఐకి 12, అసోం గణ పరిషత్తుకు 5, ఆర్ఎస్పీకి 5, ఫార్వర్డ్ బ్లాక్‌కు 3 దక్కాయి. ఈ పది పార్టీలూ కలిస్తే 173. చిన్నాచితకా పక్షాలను కలుపుకున్నా 272 అనే గీటు ఎంతో దూరంలో ఉంది. ఆ దూరం మొత్తాన్నీ కాంగ్రెస్ 140తో పూడ్చవలసిందే తప్ప మరో దారి లేదు.

రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ ముందుగా అతిపెద్ద పార్టీ నాయకుడైన వాజ్‌పేయిని పిలిచారు. మే 16న ప్రమాణం చేసిన ఆయన, బలం కూడగట్టలేక మే 28న, సభలో ఓటింగు జరగకముందే రాజీనామా ప్రకటించారు. ఆ పదమూడు రోజులే ఫ్రంట్‌ను ఒక దరికి చేర్చాయన్నది నా అభిప్రాయం. బీజేపీని అధికారానికి దూరంగా ఉంచడం అన్న ఒక్క లక్ష్యం మీద వామపక్షాలూ, ప్రాంతీయ పార్టీలూ, కాంగ్రెస్ కూడా ఒకేచోట నిలబడగలిగాయి. అయితే ఒక ప్రమాదాన్ని ఆపడానికి కలిసినవారు, ఆ ప్రమాదం కాస్త దూరం జరగగానే ఇంకెందుకు కలిసి ఉండాలన్న ప్రశ్నకు సమాధానం వెతుక్కోవలసి వస్తుంది. ఫ్రంట్‌లోని పార్టీలు ఆ సమాధానాన్ని తమలో తాము వెతుక్కున్నాయి. కాంగ్రెస్‌తో కూర్చుని వెతకలేదు.

రాష్ట్రాల వారీగా చూస్తే చిక్కుముడి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో కాంగ్రెస్ 22, తెలుగుదేశం 16 గెలిచాయి. ఇక్కడ తెలుగుదేశానికి ప్రత్యర్థి కాంగ్రెసే. పశ్చిమ బెంగాల్‌లో, కేరళలో వామపక్షాలకూ, కర్ణాటకలో జనతాదళ్‌కూ, అస్సాంలో గణ పరిషత్తుకూ ఎన్నికల బరిలో ప్రధానంగా ఎదురయ్యేది ఆ పార్టీయే. పి.వి. నరసింహారావు అన్నాడీఎంకేతో పొత్తు కుదుర్చుకున్నందుకు నిరసనగా కాంగ్రెస్ నుంచి విడిపోయి పుట్టినదే మూపనార్ తమిళ మానిల కాంగ్రెస్. అంటే ఫ్రంట్‌లోని పెద్ద పక్షాల్లో చాలావరకు తమ రాష్ట్రంలో ఎవరితో తలపడుతున్నాయో, ఢిల్లీలో వారి దయ మీదే అధికారంలో ఉన్నాయి. ఇది ఇరుపక్షాలకూ ఇబ్బందే. తాను నిలబెట్టిన ప్రభుత్వానికి మంచి పేరు వస్తే దాని ఫలం రాష్ట్రాల్లో తన ప్రత్యర్థులకు చేరుతుంది కాబట్టి, ప్రభుత్వం బాగా పనిచేయడం వల్ల కాంగ్రెస్‌కు ఒరిగేదేమీ లేదు.

నాయకుడి ఎంపిక, ఉమ్మడి పత్రం

ప్రధాని పదవి మొదట వి.పి. సింగ్ ముందుకు వచ్చింది. ఆయన వద్దన్నారు. తర్వాత జ్యోతిబసు పేరు మీద ఏకాభిప్రాయం కుదిరింది. బసు, పార్టీ ప్రధాన కార్యదర్శి హరికిషన్ సింగ్ సుర్జీత్ అందుకు సుముఖంగా ఉన్నా, సీపీఎం కేంద్ర కమిటీలో మెజారిటీ ఒప్పుకోలేదు. విధానాలను నిర్ణయించగల బలం లేకుండా ప్రభుత్వంలో చేరితే నింద మాత్రమే మిగులుతుందన్నది వారి వాదన. దాన్ని బసు తర్వాతి సంవత్సరం చారిత్రక తప్పిదమని బహిరంగంగానే అన్నారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న చర్చ కంటే నాకు దాని ఆచరణాత్మక ఫలితం ముఖ్యం. 32 మంది సభ్యులున్న పక్షం, ఫ్రంట్‌ను నడిపించే స్టీరింగ్ కమిటీలో ఉంటూ మంత్రివర్గంలో లేకపోవడంతో, ప్రభుత్వ నిర్ణయాలకు రెండు కేంద్రాలు ఏర్పడ్డాయి. సీపీఐ మాత్రం చేరింది. ఇంద్రజిత్ గుప్తా హోం శాఖ, చతురానన్ మిశ్రా వ్యవసాయ శాఖ తీసుకున్నారు. కేంద్ర మంత్రివర్గంలో కమ్యూనిస్టులు కూర్చోవడం అదే మొదటిసారి.

చివరికి కర్ణాటక ముఖ్యమంత్రి హెచ్.డి. దేవెగౌడ ప్రధాని అయ్యారు. ప్రమాణం చేసేనాటికి ఆయన ఉభయ సభల్లో దేనిలోనూ సభ్యుడు కారు. తర్వాత రాజ్యసభకు ఎన్నికయ్యారు. జనతాదళ్ 46 స్థానాల్లో 22 బిహార్ నుంచి, 16 కర్ణాటక నుంచి వచ్చినవి. ప్రధాని పదవి చిన్న వాటా ఉన్న రాష్ట్రానికి వెళ్లడం ఆ పార్టీలో ఒక రకమైన సమతూకాన్నీ, మరో రకమైన అసంతృప్తినీ ఒకేసారి కలిగించింది.

జూన్ 5న కనీస ఉమ్మడి కార్యక్రమం వెలువడింది. విద్యకు స్థూల దేశీయోత్పత్తిలో 6 శాతం, చట్టసభల్లో మహిళలకు మూడో వంతు స్థానాలు, రాష్ట్రాలకు ఎక్కువ అధికారాలు వంటి హామీలూ, ఏటా 7 శాతం ఎదుగుదల, ప్రభుత్వ రంగ వాటాల విక్రయానికి ఒక కమిషన్ వంటి అంశాలూ ఒకే పత్రంలో చోటు చేసుకున్నాయి. సంస్కరణవాది అయిన ఆర్థికమంత్రి చిదంబరం, సంస్కరణలను వ్యతిరేకించే వామపక్షాలు ఒకే కాగితానికి కట్టుబడగలిగారంటే, ఆ కాగితం రాసినవారి నేర్పు ఒప్పుకోవలసిందే. అయితే ఈ వృత్తిలో ఉన్నవాడిగా నేను ముందు చూసేది పత్రంలో ఏముందో కాదు, దానికి ఎవరు కట్టుబడ్డారో. ప్రభుత్వాన్ని బతికించే 140 మంది పార్టీ ఆ పత్రంలో భాగస్వామి కాదు. కాంగ్రెస్ ఇచ్చింది మద్దతు లేఖ మాత్రమే. ఏ షరతుల మీద మద్దతు ఇస్తున్నారు, అసంతృప్తి ఉంటే ఎవరికి చెప్పాలి, ఉపసంహరించుకునే ముందు ఎంత గడువు ఇవ్వాలి అన్నవాటికి ఉభయులూ అంగీకరించిన పద్ధతి ఏదీ లేదు.

పేచీలు, వాటి పరిష్కారం

ఫ్రంట్ లోపలి పనితీరు గురించి కొంత వివరంగా చెప్పాలి. పార్టీల నాయకులతో కూడిన స్టీరింగ్ కమిటీకి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కన్వీనర్. కేంద్రంలో ఏ పదవీ లేని ఒక ముఖ్యమంత్రి, 16 మంది ఎంపీల పార్టీ నాయకుడు, పదమూడు పార్టీల మధ్య మధ్యవర్తి కావడం ఆ రోజుల్లో తెలుగువారికి గర్వకారణంగా ఉండేది. ఢిల్లీలోని ఆంధ్రా భవన్ దేశ రాజకీయాలకు కూడలి అయింది. నా దృష్టిలో ఆ ఏర్పాటు బలం వేరే చోట ఉంది. ప్రధాని కావాలనే పోటీలో లేనివాడు, సొంత రాష్ట్రంలో కుర్చీ భద్రంగా ఉన్నవాడు కన్వీనర్‌గా ఉంటే మిగతావారికి అనుమానం తక్కువ.

ఆ కమిటీకి వచ్చిన అతి కష్టమైన పరీక్ష కన్వీనర్‌కూ ప్రధానికీ మధ్యనే తలెత్తింది. ఆలమట్టి ఆనకట్టను 524 మీటర్ల ఎత్తుకు తీసుకుపోవాలని కర్ణాటక పట్టుబట్టింది. అంత ఎత్తు పెంచితే కృష్ణా దిగువ ఆయకట్టుకు నీళ్లు రావని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది. ప్రధాని నిన్నమొన్నటి దాకా కర్ణాటక ముఖ్యమంత్రి. ప్రాజెక్టుకు కేంద్రం సాయం అందుతోందన్న వార్తతో ఆంధ్రలో ఆగ్రహం పెల్లుబికింది. ఏ ఇతర సంకీర్ణంలోనైనా ఇది పొత్తు తెగిపోవడానికి చాలినంత కారణం. ఫ్రంట్ ఈ వివాదాన్ని నలుగురు ఇతర ముఖ్యమంత్రుల కమిటీకి అప్పగించింది, వారు సాంకేతిక నిపుణుల సలహా తీసుకున్నారు. సమస్య తీరలేదు. చివరకు 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 519 మీటర్ల దగ్గర గీత గీసేదాకా నడిచింది. అయినా వివాదం ఒక గదిలోకి వెళ్లింది, ఆ గదిలో ఇద్దరూ కూర్చున్నారు, ప్రభుత్వం నిలిచింది. కావేరి విషయంలో కర్ణాటక జనతాదళ్, తమిళనాడు డీఎంకేలు కూడా ఇలాగే ఒకే మంత్రివర్గంలో పక్కపక్కన కూర్చున్నాయి.

ఆర్థిక విధానంలోనూ ఇదే వరస కనబడుతుంది. 1996 జులైలో పెట్రోలియం ఉత్పత్తుల ధరలు పెంచినప్పుడు వామపక్షాలు తమను సంప్రదించలేదని గట్టిగా నిలదీశాయి. కొద్ది రోజుల్లోనే డీజిలు పెంపులో కొంత వెనక్కు తీసుకోవలసి వచ్చింది. 1997 ఫిబ్రవరి 28న చిదంబరం ప్రవేశపెట్టిన బడ్జెట్ ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 40 నుంచి 30 శాతానికి తగ్గించి 10, 20, 30 శాతాల శ్రేణులను తెచ్చింది. స్వచ్ఛంద ఆదాయ వెల్లడి పథకాన్ని కూడా ప్రకటించింది. ఆ పథకం కింద సుమారు 10,000 కోట్ల రూపాయల పన్ను వసూలైంది. వామపక్షాలకు ఆ బడ్జెట్‌లో చాలా భాగం రుచించలేదు. అదే సంవత్సరం ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ బిల్లును వామపక్షాలూ, బీజేపీ కూడా అడ్డుకోవడంతో ఆర్థికమంత్రి సభలో ఉపసంహరించుకోక తప్పలేదు. మహిళా రిజర్వేషన్ బిల్లు 1996 సెప్టెంబరులో సభ ముందుకు వచ్చి, సీపీఐ సభ్యురాలు గీతా ముఖర్జీ అధ్యక్షతన సంయుక్త కమిటీకి వెళ్లి, చట్టం కాకుండానే మిగిలిపోయింది. ఇన్ని విభేదాల్లో ఒక్కదాని మీద కూడా ఫ్రంట్‌లోని ఏ పక్షమూ ప్రభుత్వాన్ని పడగొట్టలేదు.

చేసిన పని తక్కువేమీ కాదు. 1996 డిసెంబరు 12న బంగ్లాదేశ్‌తో గంగా జలాల పంపిణీపై ముప్ఫై ఏళ్ల ఒప్పందం కుదిరింది. జమ్మూ కశ్మీర్‌లో ఏళ్ల తరబడి ఆగిన శాసనసభ ఎన్నికలు ఆ సెప్టెంబరులో జరిగాయి. 1990 తర్వాత సమావేశమే కాని అంతర్రాష్ట్ర మండలి మళ్లీ కూర్చుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలను వేరుచేసి చవక ధాన్యం ఇచ్చే లక్షిత ప్రజాపంపిణీ 1997 జూన్‌లో మొదలైంది. జైపాల్ రెడ్డి సమాచార మంత్రిగా ఉండగా, 1990 నుంచి అటకెక్కిన ప్రసార భారతి చట్టం 1997 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది.

మొదటి పతనం

ప్రభుత్వం ఏర్పడేనాటికి కాంగ్రెస్ అధ్యక్షుడు నరసింహారావు. ఆయనకూ దేవెగౌడకూ మధ్య మాటామంతీ ఉండేది. మద్దతు నిలిచింది ఆ వ్యక్తిగత సంబంధం మీదే. 1996 సెప్టెంబరులో రావు పార్టీ అధ్యక్ష పదవి వదిలారు, ఆ కుర్చీలోకి సీతారాం కేసరి వచ్చారు. ఆ ఏడాది ముగిసేలోగా పార్లమెంటరీ పార్టీ నాయకత్వం కూడా రావు చేజారి, కొత్త సంవత్సరంలో కేసరికే దక్కింది. వ్యక్తి మారగానే వారధి తెగింది. ప్రధాని తమను సంప్రదించడం లేదనీ, ఉత్తరాదిలో బీజేపీ బలపడకుండా ఆపలేకపోయారనీ కాంగ్రెస్ ఫిర్యాదు. కేసరిపై దర్యాప్తుల భయం ఉందన్న ఊహాగానాలు కూడా పత్రికల్లో నడిచాయి. కారణాలు ఏవైనా, ఆ ఫిర్యాదులను కూర్చుని వినే వేదిక లేకపోవడమే నాకు అసలు లోపంగా కనబడుతుంది. ఆలమట్టికి కమిటీ వేసినవారు కేసరితో మాట్లాడడానికి ఒక కమిటీ వేయలేదు.

1997 మార్చి 30న కేసరి మద్దతు ఉపసంహరిస్తున్నట్లు రాష్ట్రపతికి లేఖ ఇచ్చి, తామే ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని కూడా చెప్పారు. బడ్జెట్ ఇంకా ఆమోదం పొందలేదు. భారత, పాకిస్తాన్ విదేశాంగ కార్యదర్శుల చర్చలు అప్పుడే ఢిల్లీలో నడుస్తున్నాయి. కాంగ్రెస్ ఎంపీలలోనే చాలామందికి ఆ నిర్ణయం ఆశ్చర్యం కలిగించింది, మళ్లీ ఎన్నికలకు వెళ్లే ఉత్సాహం ఎవరికీ లేదు. ఏప్రిల్ 11న దేవెగౌడ విశ్వాస తీర్మానం పెట్టి ఓడిపోయారు. అనుకూలంగా 158, వ్యతిరేకంగా 292 ఓట్లు పడ్డాయి. బీజేపీ, కాంగ్రెస్ ఒకే వైపు ఓటేస్తే అంకెలు ఎలా ఉంటాయో ఆ రోజు సభ చూసింది.

తర్వాత జరిగిన బేరమే ఈ కేసు మొత్తానికీ కీలకం. నాయకుణ్ణి మార్చితే మద్దతు ఇస్తామని కాంగ్రెస్ అంది. ఫ్రంట్ మార్చింది. మూపనార్, ములాయం పేర్లు వినబడినా, ఆంధ్రా భవన్‌లో జరిగిన మంతనాల్లో విదేశాంగ మంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ వైపు మొగ్గు కనబడింది. ఏప్రిల్ 21న ఆయన ప్రమాణం చేశారు. తమ నాయకుడికి దక్కలేదన్న కినుకతో తమిళ మానిల కాంగ్రెస్ మొదట ప్రభుత్వంలో చేరకుండా ఉండిపోయి, కొద్ది రోజుల్లో తిరిగి వచ్చింది. చిదంబరం మళ్లీ ఆర్థికమంత్రి అయ్యారు. బడ్జెట్ గట్టెక్కింది, ఎన్నికలు తప్పాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అయితే ప్రభుత్వానికి మద్దతిచ్చే పార్టీ అడిగితే ప్రధానినే మార్చవచ్చని ఆ రోజు రుజువైంది. ఇచ్చిన మద్దతుకు షరతులు లేనప్పుడు, దాన్ని వెనక్కు తీసుకుంటే ఏదో ఒక ప్రతిఫలం దొరుకుతుందని తెలియడం చాలా ప్రమాదకరం. అప్పుడే గుజ్రాల్ ప్రమాణానికి ముందు రాతపూర్వకమైన ఒప్పందం, ఇరువైపుల ప్రతినిధులతో సమన్వయ సంఘం కోరి ఉండవలసింది. మధ్యంతర ఎన్నికల భయం కాంగ్రెస్ ఎంపీలను గట్టిగా పట్టుకున్న ఆ పది రోజుల్లో ఫ్రంట్ బేరమాడే స్థితిలో ఉంది. ఆ స్థితి మళ్లీ రాలేదు.

గుజ్రాల్ నెలలు

పశుదాణా కుంభకోణంలో లాలూ ప్రసాద్‌పై అభియోగాలు రావడంతో జనతాదళ్ చీలి, జులైలో రాష్ట్రీయ జనతాదళ్ పుట్టింది. ప్రధాని సొంత పార్టీ రెండుగా విడిపోయినా ఆ రెండు ముక్కలూ ప్రభుత్వానికి మద్దతుగానే నిలిచాయి. అక్టోబరులో ఉత్తరప్రదేశ్ శాసనసభలో కొట్లాట తర్వాత కళ్యాణ్ సింగ్ ప్రభుత్వాన్ని తొలగించాలని మంత్రివర్గం సిఫారసు చేస్తే, రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని పునఃపరిశీలనకు తిప్పి పంపారు. మంత్రివర్గం వెనక్కు తగ్గింది. రాష్ట్రపతి పాలనకు బలైన చరిత్ర ఉన్న ప్రాంతీయ పార్టీలే అటువంటి సిఫారసుకు సిద్ధపడడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రెండో పతనం

రాజీవ్ గాంధీ హత్య వెనుక కుట్రను విచారించిన జస్టిస్ మిలాప్ చంద్ జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక 1997 ఆగస్టులో ప్రభుత్వానికి అందింది. నవంబరులో అందులోని భాగాలు పత్రికకు ఎక్కాయి, 20న నివేదిక సభ ముందుకు వచ్చింది. తమిళనాడులో శ్రీలంక తమిళ పులులకు (ఎల్టీటీఈకి) ఆశ్రయం దొరికిన తీరు విషయంలో డీఎంకేను తప్పుపట్టే వ్యాఖ్యలు అందులో ఉన్నాయి. డీఎంకే మంత్రులను తొలగించాలని కాంగ్రెస్ కోరింది.

ఈసారి ఫ్రంట్ లొంగలేదు. ఏప్రిల్‌లో ప్రధానిని వదులుకున్నవారు నవంబరులో మంత్రుల్ని ఎందుకు వదులుకోలేదన్న ప్రశ్నకు జవాబు సంకీర్ణాల అంకగణితంలోనే ఉంది. ప్రధాని మారినా ఫ్రంట్ పార్టీల సంఖ్య మారలేదు. డీఎంకేను పంపేస్తే 17 మంది పోవడమే కాకుండా, రేపు ఇంకే పక్షం మీద వేలు చూపిస్తే వారినీ పంపవలసి వస్తుందని ప్రతి భాగస్వామికీ అర్థమైంది. తమిళ మానిల కాంగ్రెస్‌తో సహా అందరూ ఒక్కమాట మీద నిలిచారు. గుజ్రాల్ ఆ డిమాండును తిరస్కరించారు. నవంబరు 28న కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకుంది, గుజ్రాల్ రాజీనామా ఇచ్చారు, డిసెంబరు 4న లోక్‌సభ రద్దయింది. కప్పల తక్కెడ అన్న పేరు పడిన ప్రభుత్వం, తన జీవితంలో అత్యంత ఐక్యంగా ఉన్న వారంలో కూలిపోయింది.

ఇక్కడ కాంగ్రెస్ వైపు నుంచి ఒక మాట చెప్పాలి. తమ నాయకుడి హత్యకు సంబంధించిన నివేదికను ఏమీ జరగనట్టు పక్కన పెట్టడం ఆ పార్టీకి సాధ్యం కాదు. కానీ అది మధ్యంతర నివేదిక. తుది నివేదిక వచ్చేవరకు ఆగుదామనో, సభలో చర్చించి నిర్ణయిద్దామనో ఇరుపక్షాలూ అనుకునేందుకు ఒక గది, ఒక బల్ల ఉండి ఉంటే ఎనిమిది రోజుల్లో ఇల్లు కూలేది కాదని నా నమ్మకం. ఆ రోజుల్లో సంప్రదింపులు ఎక్కువగా లేఖల మీదే నడిచాయి. లేఖ రాసినవాడు వెనక్కు తగ్గడం కష్టం, అది మరునాడు పత్రికలో వస్తుంది కాబట్టి.

చరిత్ర ముందే హెచ్చరించింది కూడా. 1979లో చరణ్ సింగ్ ప్రభుత్వం కాంగ్రెస్ మద్దతు మీద నిలిచి, పార్లమెంటు ముఖం చూడకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసింది. 1990 నవంబరులో వచ్చిన చంద్రశేఖర్ ప్రభుత్వం 1991 మార్చి 6న అదే దారిన పోయింది. ఫ్రంట్ నాయకుల్లో చాలామంది ఆ రెండు ఘట్టాలనూ దగ్గరనుంచి చూసినవారే.

ఎన్నికల తర్వాత

1998 ఫిబ్రవరి, మార్చి నెలల ఎన్నికల్లో బీజేపీ 182కు పెరిగింది, కాంగ్రెస్ 141 దగ్గరే ఆగింది. మద్దతు తీసేసినవారికి ఒక్క స్థానం ఎక్కువ వచ్చింది, నిలిచినవారిలో చాలామంది చితికిపోయారు. జనతాదళ్ 46 నుంచి 6కు, తమిళ మానిల కాంగ్రెస్ 20 నుంచి 3కు, డీఎంకే 17 నుంచి 6కు పడిపోయాయి. గణ పరిషత్తుకు ఒక్కటీ రాలేదు. సీపీఎం మాత్రం 32 నిలబెట్టుకుంది.

తెలుగుదేశానికి 12 వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో వామపక్షాలతో కలిసి, కాంగ్రెస్‌తోనూ బీజేపీతోనూ తలపడి గెలిచిన స్థానాలవి. ఫలితాలు వచ్చాక చంద్రబాబు ముందున్నవి రెండే దారులు. ఫ్రంట్ మళ్లీ కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వానికి ప్రయత్నిస్తే అందులో ఉండడం, లేదా ఫ్రంట్‌ను వదలడం. రాష్ట్రంలో 22 స్థానాలు గెలిచిన కాంగ్రెస్‌తో ఢిల్లీలో చేయి కలిపితే ఇంట్లో తన పార్టీకి పునాది ఉండదని ఆయన లెక్క. మార్చి 24న తెలుగుదేశం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకర్ అయ్యారు. 28న వాజ్‌పేయి ప్రభుత్వం 274-261 ఓట్లతో విశ్వాసం పొందింది. స్పీకర్ పోగా మిగిలిన తెలుగుదేశం ఓట్లు ఎదురు పడి ఉంటే ఆ ప్రభుత్వం ఓడిపోయేది. వామపక్ష మిత్రులు దాన్ని ద్రోహమన్నారు. నేను దాన్ని 1996లో కాగితం మీద రాయని అదే వైరుధ్యం చివరి వాయిదాగా చూస్తాను.

2004లో కాంగ్రెస్ నాయకత్వాన ప్రభుత్వం వచ్చినప్పుడు పాత్రలు తారుమారయ్యాయి. ఈసారి బయటి నుంచి మద్దతిచ్చింది వామపక్షాలు. వారు ముందుగానే కనీస ఉమ్మడి కార్యక్రమం మీద మాట తీసుకున్నారు, ఇరువైపుల నాయకులతో సమన్వయ సంఘం పెట్టించుకున్నారు. ఆ ఏర్పాటు నాలుగేళ్లు పనిచేసి 2008 జులైలో అణు ఒప్పందం దగ్గర తెగింది. ఆ మంత్రివర్గంలో డీఎంకే సభ్యులు కాంగ్రెస్ మంత్రుల పక్కనే కూర్చున్నారు. 1997 నవంబరులో ఎవరిని తొలగించమని లేఖలు రాశారో, వారి పార్టీయే.